గడప కింది మట్టిబొమ్మ

ఎటిరు శవం ఇంకా చల్లబడలేదు. అప్పటికే గడప తవ్వేశారు.

పొద్దు పొడిచి రెండు గడియలైంది. యూఫ్రటీస్ ఒడ్డున సిప్పర్ నగరం. చాపలల్లేవాళ్ళ సందు. న్యాయస్థానం తరఫున నేరాలు విచారించే నూర్ కబ్త జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

గోతి పక్కన ఒక బొమ్మ పడి ఉంది. జానెడు పొడవు. కాల్చని పచ్చి మట్టి. పొట్టలో ఖర్జూరపు ముల్లు. మొహం మీద రెండు కళ్ళు, గోటితో నొక్కినవి.

ఆ కళ్ళకేసి చూడటానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదు.

"ఎవరు తవ్వారు?"

"నేనే." గుడి మంత్రవేత్త ఉబార్రు ముందుకొచ్చాడు. "గడప దగ్గరికొచ్చేసరికి ధూపం ఆరిపోయింది. అనుమానమొచ్చింది."

"ఎప్పుడు పాతి ఉంటారు?"

"నెల పొడుపు రోజున. ఆ రోజేగా మనిషి మంచం పట్టాడు. ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు."

"ఎవరు?"

జవాబు ఉబార్రు చెప్పలేదు. చనిపోయినవాడి తమ్ముడు హుజాలు చెప్పాడు. రెల్లు చీల్చి చాపలల్లే మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"ఇంకెవరు దొరా! పక్కింటి తరీబతు. గోడ దగ్గర మా అన్నతో గొడవ పెట్టుకుంది. నీ నోరు పడిపోనూ అంది. సందంతా విన్నది!"

జనం తలలూపారు. విన్నారు.

నూర్ కబ్త బొమ్మను గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. కేసు చిన్నది. అనుమానితురాలు ఒక్కతే. అదే అతనికి నచ్చలేదు.

తరీబతు భర్త పోయిన మనిషి. అతను వెళ్ళేసరికి మంచానపడ్డ అత్తగారికి బార్లీ గంజి తాగిస్తోంది. సందులో ఏ చంటిబిడ్డ గుక్కపెట్టినా తల్లులు ఆవిడ దగ్గరికే పరుగెత్తుకొస్తారు. రెండేళ్ళ క్రితం పంటి పోటు భరించలేక నూర్ కబ్త కూడా వచ్చాడు.

"అక్కా, ఎటిరును తిట్టావా?"

"తిట్టాను. మా గోడకి గాడిదను కట్టేస్తే ముద్దు పెట్టుకోమంటావా?"

"మంత్రాలు వేస్తావా?"

"వేస్తాను. నీ పంటికి వేసినప్పుడు ఈ ప్రశ్న అడగలేదేం?"

"ఎవరు నేర్పారు?"

"మా అమ్మ. ఆవిడ గుడిలో విని నేర్చుకుంది. ఉబార్రు చదివేవీ ఆ ముక్కలే. ఆయన గుడి మెట్ల మీద చదువుతాడు, నేను పొయ్యి దగ్గర చదువుతాను. అంతే తేడా."

గిన్నె అడుగున మిగిలిన గంజి గీకి ముసలావిడ నోట్లో పెట్టింది.

మధ్యాహ్నం అతను గుడికి వెళ్ళాడు. ఉబార్రు వేళ్ళ మధ్య మైనం పిసుకుతున్నాడు. తల, చేతులు, పొట్ట. ఆడమనిషి బొమ్మ.

"ఇదేమిటి స్వామీ?"

"మంత్రగత్తె. దీన్ని కాలిస్తే ఆమె చేతబడి ఆమెకే తగులుతుంది."

"అదీ బొమ్మే. ఇదీ బొమ్మే. మరి తేడా?"

ఉబార్రుకు కోపం రాలేదు. "నువ్వు న్యాయాధికారి ఆజ్ఞతో ఒకణ్ణి కొడితే అది శిక్ష. వాడి పొరుగువాడు కొడితే కొట్లాట. కర్ర ఒకటే కదా అంటావా? నేను దేవుడి ముందు చేస్తాను. ఆమె ఆయన కళ్ళుగప్పి చేసింది."

అతను నమ్మే మాటే చెబుతున్నాడు. నూర్ కబ్తకు అది స్పష్టంగా తెలిసింది.

తిరిగి సందులోకి వచ్చాడు. అప్పుడు గోడల మీద పడింది అతని చూపు. మోకాలెత్తున బురద చార. ఎనిమిది రోజుల క్రితం యూఫ్రటీస్ పొంగి సందంతా ముంచేసింది. నీళ్ళు రెండు రోజులు కదల్లేదు.

పిడికెడు పచ్చి మట్టి తీసుకుని జానెడు బొమ్మ చేశాడు. ఎండలో ఆరబెట్టాడు. నీళ్ళ తొట్టి పక్కన గొయ్యి తీసి పాతాడు. పైన నీళ్ళు నిలిపాడు. రెండు గడియల తర్వాత తవ్వాడు.

చేతికి బురద తగిలింది.

పొద్దు వాలేలోగా న్యాయాధికారి ఇప్పల్సు ముందు నిలబడ్డాడు.

"అయ్యా, వరదకు ముందు పాతిన బొమ్మ ఇలా అంచులు చెదరకుండా ఉండదు. దాన్ని తర్వాతే పాతారు. వరద వచ్చేనాటికే ఎటిరు జబ్బుపడి పద్దెనిమిది రోజులు. బొమ్మ వల్ల జబ్బు రాలేదు."

ఇప్పల్సు శ్రద్ధగానే విన్నాడు. "వరద తర్వాత ఆమే పాతి ఉండొచ్చుగా? చంపడం త్వరగా ముగించాలని?"

నూర్ కబ్త వేళ్ళకంటిన బురద రుద్దుకున్నాడు.

"కాదని చెప్పగలవా?"

"చెప్పలేను."

"మరి నీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలిసినవాడు ఒక్కడే. రేపు మిట్టమధ్యాహ్నం ఆమె నదిలో దూకాలి. నది దేవుడు వదిలేస్తే హుజాలు తల పోతుంది, వాడి ఇల్లు ఆమెది. ఉంచుకుంటే ఆమె ఇల్లు హుజాలుది. చట్టం పాతదే."

"వరద తగ్గేదాకా ఆగుదామయ్యా."

"దేవుడికి లోతుతో ఏం పని?"

మర్నాడు గట్టంతా జనం. నది ఎర్రగా, సుళ్ళు తిరుగుతూ పోతోంది.

తరీబతు మొహంలో భయం లేదు. నూర్ కబ్తను చూసి ఓదార్పుగా నవ్వింది. "అలా మొహం వేలాడేశావేం నాయనా? నదికి నా సంగతి తెలుసు. అత్తకు పొద్దుటి గంజి పోసి వచ్చా. సాయంత్రం గంజికి నేనే ఉంటా."

"నీకు ఈత వచ్చా అక్కా?"

"రాదు. ఎత్తుకునేది ఆయన కదా!"

దూకింది.

తల ఒకసారి పైకి వచ్చింది. తర్వాత ఒక చెయ్యి. తర్వాత నీళ్ళు. నూర్ కబ్త వంద దాకా లెక్కపెట్టాడు. ఇంకో వంద లెక్కపెట్టాడు.

మూడో జాములో శవం దిగువన రెల్లు పొదకు తట్టుకుంది.

మరుసటి ఉదయం న్యాయశాలలో నలుగురున్నారు. ఇప్పల్సు, ఉబార్రు, హుజాలు, నూర్ కబ్త. ఇంటి పత్రం తడి మట్టి పలక మీద రాసి సిద్ధంగా ఉంది. హుజాలుకు సొంత ముద్ర లేదు. బీదవాళ్ళందరిలాగే కుడి బొటనవేలి గోరు పలక అంచున నొక్కాడు.

నూర్ కబ్త వంగి చూశాడు.

నెలవంక గుర్తు. మధ్యలో తెగింది.

సంచిలోంచి బొమ్మను తీసి పలక పక్కన పెట్టాడు.

"ఈ కళ్ళను చూడటానికి అందరం భయపడ్డాం. నేనూ సరిగ్గా చూడలేదు. చూడండి. రెండూ మధ్యలో తెగిన నెలవంకలే. రెల్లు కత్తికి చీలిన గోరు. ఈ బొమ్మకు కళ్ళు పెట్టింది హుజాలు."

"నాలాంటి గోరు ఇంకెవరికీ ఉండదా దొరా?" హుజాలు బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు.

"చెయ్యి చాపు."

చాపలేదు. గోడకు జారగిలబడ్డాడు. "అన్న ఎలాగూ పోతున్నాడు. ఒక్క గదిలో తొమ్మిది మందిమి దొరా. కాళ్ళు చాపుకునే చోటు లేదు. ఆ పక్కింటిదానికి మూడు గదులు..."

ఉబార్రు మొహం పాలిపోయింది.

ఇప్పల్సు లేచి తలుపు తనే మూశాడు.

"నూర్ కబ్తా, బొమ్మను ఇతనే చేశాడు, సరే. ఆమెను ముంచిందెవరు?"

"నది."

"నది తప్పు చేసిందంటావా?"

"ఆమెకు ఈత రాదయ్యా!"

"తప్పు చేసిందంటావా? అంటే అది దేవుడి మీద అభియోగం. మోపినవాడు ఎక్కడ దూకాలో తెలుసుగా. ఇప్పటిదాకా నది ముంచినవాళ్ళందరి ఇళ్ళూ తిరిగి ఇప్పిస్తావా?"

ఉబార్రు నెమ్మదిగా, తనకు తనే నచ్చజెప్పుకుంటున్నట్టు అన్నాడు. "ఆమె మంత్రగత్తె కాకపోతే పైకి వచ్చేది. బొమ్మ అబద్ధమే. కానీ మంత్రగత్తె నిజం. అంతే అయ్యుండాలి."

ఇప్పల్సు బొమ్మను నీళ్ళ కుండలో వేశాడు. పలకను నూర్ కబ్త వైపు జరిపాడు. సాక్షి ముద్ర అతనిదే పడాలి.

కుండలో మట్టి కరిగి నీళ్ళు మసకబారాయి.

నూర్ కబ్త మెడలోని ముద్రరాయి తీసి తడి మట్టి మీద దొర్లించాడు.

తరీబతు ఇల్లు ఖాళీ చేయించే పనీ అతనిదే. హుజాలు భార్యాపిల్లలు చాపలు, కుండలు మోసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ముసలావిడ ఎండిన నాలుకతో పెదాలు తడుపుకుంటోంది. నిన్న పొద్దుటి తర్వాత ఎవరూ గంజి పోయలేదు.

"నది వదిలేసిందా నాయనా, మా కోడల్ని?"

"లేదమ్మా."

ఆవిడ కాసేపు కప్పుకేసి చూసింది.

అతను నోరు తెరిచాడు. వెనక హుజాలు నిలబడి ఉన్నాడు. పలక మీద ముద్ర ఆరిపోయి ఉంటుంది. నోరు మూసుకున్నాడు.

"అయితే మంత్రగత్తే అన్నమాట," అంది ముసలావిడ. "పదకొండేళ్ళు దాని చేతి గంజి తాగాను. ఇప్పుడు నన్నెవరు కడుగుతారు నాయనా?"