మూడు రోజుల్లో జాజ్

అమీర్‌పేటలో దొరకని కోర్సు లేదు. తారక్ ధైర్యం కూడా అదే. అతను అక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాడు. మెట్రోలో పరిచయమైన ధాత్రి "ఏం పాటలు వింటారు?" అని అడిగితే, నోరు ఊరుకోక "జాజ్" అనేశాడు. ఆమె కళ్లు మెరిశాయి. ఆ మెరుపుకే మనవాడు పడిపోయాడు. ఆమె సోమాజిగూడలో ఓ ఎఫ్ఎం రేడియోకి సంగీతం మీద స్క్రిప్టులు రాస్తుందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఆదివారం పంజాగుట్టలో చాయ్‌కి రమ్మంది. అబద్ధం బయటపడితే పిల్ల చేజారిపోతుంది. అమీర్‌పేట జిరాక్స్ షాపులో 'ప్రపంచ సంగీతం: ఇంటర్వ్యూ మెటీరియల్' దొరికింది. మూడు రోజులు బట్టీ పట్టాడు.

"అయితే జాజ్ ఎక్కడ పుట్టిందండీ?" అంది ధాత్రి, చాయ్ రాగానే.

"న్యూ ఆర్లీన్స్‌ల. దానికి ముందు బ్లూస్ ఉండె. అమెరికా దక్షిణాన నల్లజాతి కూలీలు తమ బాధలు పాడుకున్నరు. దాంట్లకెళ్లే రాక్ అండ్ రోల్ సుత వచ్చింది. హిప్ హాప్ న్యూయార్క్‌ల, బ్రాంక్స్ గల్లీలల్ల, డెబ్బై మూడుల."

ఊపిరి పీల్చకుండా అప్పజెప్పాడు.

"మరి రెగె?"

"క్యూబా!"

ధాత్రి కప్పు కింద పెట్టింది. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

"రెగె పుట్టింది జమైకాలో. క్యూబా అని పొరపాటున రాసింది నేనే. ఆఫీసులో తిట్లు తిని దిద్దాను. ఆ పాత స్క్రిప్టు జిరాక్స్‌కి ఇచ్చింది అమీర్‌పేటలోనే. ఆ షాపువాళ్లు దాన్నే మెటీరియల్ చేసి అమ్మేస్తున్నారన్నమాట!"

తారక్ తల దించుకున్నాడు.

"నిజంగా మీరు వినేదేంటి?" ఈసారి మెల్లగా అడిగింది.

"డప్పు," అన్నాడు తలెత్తకుండా. "మా నాన్న బల్కంపేట బోనాలల్ల కొడ్తడు. ఆయన దెబ్బ వడితే నా కాలు ఆగదు. చెప్తే మీరు చిన్నచూపు చూస్తరని భయపడ్డ."

అలా భయపడినందుకు అతనికే సిగ్గేసింది.

"కూలీల పాట, గల్లీ పాట అని ఇంతసేపు చెప్పి, మీ ఇంటి డప్పును దాస్తారా?" ధాత్రికి నిజంగానే కోపం వచ్చింది. "ఈసారి బోనాలకు నేనూ వస్తాను."

"నాన్న అడిగితే ఎవరని చెప్పాలె?"

"మీరే ఆలోచించుకోండి."

"నాకు మస్తు ఇష్టమైన అమ్మాయి అని చెప్త."

"మీ నాన్నగారికంటే ముందు నాకు చెప్పాలి కదండీ."

చెప్పాడు. హారన్ల మోతలో వినపడలేదని ఆమె మళ్లీ చెప్పించుకుంది. నిజానికి మొదటిసారే వినపడింది.