పన్నెండు రసీదులు

1986 ఏప్రిల్‌లో ఒక ఉదయం బట్టల వ్యాపారి పాండురంగయ్య, బళ్లారి కంటోన్మెంట్‌లో ఉండే ప్రైవేటు డిటెక్టివ్ చెన్నకేశవరావు గదికి వచ్చాడు. చేతిలో కోర్టు కాగితం ఉంది. ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు నుంచి తనకు రావలసిన మూడు వేల రూపాయల రిఫండును కోర్టు జప్తు చేసిందట. కూతురి పోషణకు ఏడాదిగా పైసా అందలేదని, సండూరులో పుట్టింట ఉంటున్న భార్య పంకజాక్షి కేసు వేసింది. నోటీసులు అంగడికి వచ్చాయంటారు గాని, ఆయన కంటపడలేదు. డబ్బు మాత్రం నెలనెలా పంపుతూనే ఉన్నాడు.

“పన్నెండు రసీదులుండాయి సార్. ఆ రిఫండు ఎట్లైనా వెనక్కి రావల్ల. అది రాకుంటే, పస్తులు పెట్టిన నాయన అని నా పాప జన్మంతా అనుకొంటాది.”

చెన్నకేశవరావు సహాయకుడు పంపాపతి మనసు అప్పటికే కరిగిపోయింది. అతనికి గురువుగారి మీద ఎంత భక్తో, కేసు తెచ్చినవాళ్ల మీద అంత జాలి.

ప్రతి రసీదులోనూ రెండు వందల యాభై ముట్టినట్టు రాసి ఉంది. కింద రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా పంకజాక్షి సంతకం. సంతకం ఆమెదేనని భర్త చూడగానే చెప్పాడు. నెలనెలా డబ్బు సండూరు తీసుకుపోయి రసీదులు తెచ్చింది, అంగట్లోనే ఉండే పాండురంగయ్య అన్న తిమ్మప్ప. చెన్నకేశవరావు అంగడికి వెళ్లి ఆయన్ను కలిశాడు.

“మీ ఎదుటే సంతకం చేసేదా?”

“నా కండ్ల ముందరే.”

“స్టాంపులు మీరు తీసుకుపోయేవారా?”

“నాకేం పని? ఆయమ్మే నెలనెలా ఆడ సండూరు పోస్టాఫీసులో ఒకటి కొని అంటిస్తాండె.”

మర్నాడు చెన్నకేశవరావు, పంపాపతి సండూరు వెళ్లారు. ఖనిజం లారీల ఎర్రదుమ్ము పంకజాక్షి కుట్టుమిషను మీద కూడా పేరుకుని ఉంది. డబ్బు అందలేదనే చెప్పింది. రసీదుల మాట ఎత్తగానే కూతుర్ని గట్టిగా దగ్గరికి లాక్కుంది. ఇంతలో బళ్లారి బస్సు హారన్ వినపడింది. నాలుగేళ్ల పాప విడిపించుకుని గడప దగ్గరికి పరుగెత్తింది.

“నాయన వస్తాడని చూస్తాది,” అంది తల్లి. బస్సు ఆగకుండా వెళ్లిపోయింది. పంపాపతికి ఎటు చూడాలో తెలియలేదు.

ఆదివారం చెన్నకేశవరావు అందరినీ తన గదికి పిలిపించాడు. రసీదులను స్టాంపులు పక్కపక్కన వచ్చేలా మడిచి, మూడు వరుసల్లో నాలుగేసి పేర్చాడు.

“జనవరి స్టాంపు మూల చిరిగి ఉంది. ఆ ముక్క ఆగస్టు స్టాంపుకు అంటుకుని ఉంది. ఈ పన్నెండింటి అంచులూ ఒకదానికొకటి సరిపోతాయి. నెలకొకటి కొన్నవైతే ఇట్లా కుదరవు. ఒకే షీటు నుంచి ఒకేసారి చింపి, ఒకేసారి సంతకాలు పెట్టించారు. తారీకులు తర్వాత రాశారు. ఎవరమ్మా పెట్టించింది?”

పంకజాక్షి తిమ్మప్ప వైపు వేలు చూపింది. “పుట్టింటికి పోయేనాడు బావ పెట్టించె. పాపను తీసుకపోవల్లంటే ఖాళీ కాగితాల మీద సంతకం చెయ్యి అనె. చెప్తే పాపను లాక్కుంటారని కోర్టులోనూ చెప్పలేదు.”

డబ్బంతా మట్కా జూదంలో పోయిందనీ, నోటీసులు దాచింది తానేననీ తిమ్మప్ప ఒప్పుకున్నాడు.

“రిఫండు వెనక్కి రాదు పాండురంగయ్యా,” అన్నాడు చెన్నకేశవరావు. “బిడ్డకు డబ్బు అందలేదు కాబట్టి అది బిడ్డదే. మీ మూడు వేలు మీ అన్న దగ్గర రాబట్టుకోవాలి.”

పాండురంగయ్య భార్య వైపు తిరిగాడు. “నేను పంపితిని పంకజా. ఇప్పుడైనా నమ్ముతావా?”

“నమ్ముతా. ఏడాదిలో ఒక్క తూరి మీరే తెచ్చిచ్చింటే ఈ రసీదులన్నీ ఎందుకు?”

బస్సు ఎక్కితే సండూరు ఎంతో దూరం కాదు. రసీదులు వస్తున్నాయి గదా అని ఆయన నిశ్చింతగా ఉండిపోయాడు.

పాప తల్లి కొంగు పట్టి లాగింది.

“మనూరికి పోదాం రామ్మా. మనం లేకుంటే నాయన వచ్చి పోతాడు.”

పాండురంగయ్య ఆ పాపకు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.