ఏడో పునాది మీది బొంత

రాత్రిపూట ఏడో పునాది దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దని మా సైటులో అందరూ అంటారు. అక్కడ బొంతలు ఊపిరి తీసుకుంటాయట. నేను నమ్మేవాణ్ణి కాదు. ఈ గోబీ ఎడారి గాలికి ఇనప రేకులే ఎగిరిపోతుంటే బొంత కదలడం ఒక వింతా? వంటవాణ్ణి, నాకు నా పొయ్యితోనే సరిపోయేది.

మేం కట్టేది ఎండతో కరెంటు తీసే ప్లాంటు. పగలు ఎంత ఎండ కాసినా, చలికాలం రాత్రి బకెట్లో నీళ్లు రాయైపోతాయి. అందుకే కొత్తగా పోసిన కాంక్రీటులో నీళ్లు చలికి గడ్డకట్టకుండా దూది బొంతలు కప్పుతాం. గట్టిపడేటప్పుడు కాంక్రీటు తనంతట తనే వేడెక్కుతుంది. ఆ వెచ్చదనానికి ఆశపడి, షెడ్లలో చలికి తాళలేనివాళ్లు బొంతల కింద దూరి పడుకుంటారు. డింగ్ మేస్త్రీ చూస్తే తన్ని లేపుతాడు.

ఆ ఏడాది మా సైటు కూలీ జిన్‌హై వాళ్లన్న జ్వరంతో షెడ్డులోనే పోయాడు. పోయినవాడి బొంతను కాల్చాలి — కాలిస్తేనే అది అతనికి అందుతుంది, లేకపోతే అవతల చలికి వణుకుతూనే ఉంటాడని మావాళ్ల నమ్మకం. జిన్‌హై కాల్చబోతుంటే మేస్త్రీ ఆపాడు.

"ఏడో పునాదికి ఒక మూల కప్పడానికి బొంత చాల్లేదు. అది గడ్డకడితే అంతా పగలగొట్టి మళ్లీ పోయాలి. పనయ్యాక కాల్చుకో, నాయనా."

జిన్‌హై ఇచ్చేశాడు. ఏడవలేదు, వాదించలేదు. చలికి వేళ్లు తిమ్మిరెక్కినట్టు అతని మనసూ తిమ్మిరెక్కిపోయింది.

ఆ రాత్రి కాపలా అతనిదే. టార్చి వేసుకుని పునాది చుట్టూ తిరుగుతుంటే... ఆ మూల, బొంత కింద, ఎవరో ముడుచుకుని పడుకున్నారు.

"లేవయ్యా మహారాజా... మేస్త్రీ వస్తే వీపు విమానం మోత మోగుతుంది," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంకొంచెంసేపు పడుకోనీరా, చిన్నోడా..."

సరేలే అని నాలుగడుగులు వేశాడు. ఆగిపోయాడు.

చిన్నోడా అని అతన్ని పిలిచేది లోకంలో ఒక్కడే.

వెనక్కొచ్చి బొంత ఎత్తాడు. ఎవరూ లేరు. అరచెయ్యి ఆనించాడు... వెచ్చగా ఉంది.

"కాంక్రీటు వెచ్చగానే ఉంటుంది గదా," అన్నాను పొద్దున అతను చెప్పిందంతా విని, నూడుల్స్ గిన్నె చేతికిస్తూ. "నిద్ర లేక అలా అనిపించింది. తిను."

తిన్నాడు. ఏ రుచీ తెలిసినట్టు లేదు.

పునాది గట్టిపడింది, ఎక్కడా బీట లేదు. బొంతలన్నీ తీసి ఆరుబయట కుప్పేశారు. వాటి మీద మంచు పేరుకుంది. కొన్నాళ్లకి మేస్త్రీ మాట నిలబెట్టుకుని, ఆ కుప్పలోంచి అన్న బొంతను వెతికి ఇచ్చాడు. జిన్‌హై దాన్ని చంకలో పెట్టుకుని తిన్నగా నా పొయ్యి దగ్గరికొచ్చాడు.

పొయ్యి తలుపు తెరిచాను. "వెయ్యి. పాపం, ఇన్నాళ్లకి అందుతుంది."

వెయ్యలేదు. నా చెయ్యి పట్టుకుని బొంత మడతలోకి దూర్చాడు.

పైన మంచు ఇంకా కరగలేదు. లోపల మాత్రం... మనిషి పడుకున్న పక్కలా వెచ్చగా ఉంది.

"ఇంకొంచెంసేపన్నాడు గదా," అన్నాడు జిన్‌హై మెల్లగా. "ఇంకా లేవలేదు."

నేను పొయ్యి తలుపు మూసేశాను.