రేకు తొట్టి మీద మూడు దెబ్బలు

ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి పార్కులో ఆ విరిగిన గాలిమర దగ్గర రాత్రిపూట ఎవరూ బండి ఆపరు. ఆపితే పక్కనున్న ఎండిపోయిన రేకు నీళ్లతొట్టి మీద మూడుసార్లు చప్పుడవుతుందట... టంగ్... టంగ్... టంగ్. నీళ్లడిగే దెయ్యం అంటారు.

దానికా పేరు తెచ్చిపెట్టింది ఎలియాసరే. పాతికేళ్ల కిందట లారీ తోలుకుంటూ వస్తూ, ఇంజన్ చల్లబడాలని అక్కడ ఆపి, ఆ చప్పుడు విన్నాడు. దెయ్యమనుకున్నాడు. వెనక్కి చూడకుండా లారీ ఉరికించి, ఊరొచ్చి ఆ సంగతి అందరికీ చెప్పాడు.

వారం తర్వాత తొట్టి పక్కన ఒక మనిషి శవం దొరికింది. దాహంతో పోయాడు.

అది విన్న రోజునుంచి ఎలియాసర్‌కి కంటినిండా నిద్ర లేదు. జనం మాత్రం దెయ్యం కథ చెప్పుకుంటూ హాయిగా ఉన్నారు, వాళ్లదేం పోయింది!

మొన్న క్రిస్మస్ సెలవులకి కూతురు ఆల్విన, అల్లుడు గాట్లీబ్, చర్చి స్నేహితులు ఇద్దరు వాల్విస్ బే సముద్రానికి బయల్దేరుతూ ముసలాయన్నీ వ్యానెక్కించారు. ఎండ మాడ్చేసింది. మిట్టల మీద ఇంజన్ వేడెక్కి, ఆగి ఆగి వచ్చేసరికి చీకటి పడిపోయింది.

టైరు పేలడం పేలడం... సరిగ్గా అక్కడే పేలింది.

గాట్లీబ్ జాకీ పెడితే ఇసుకలోకి దిగిపోతోంది; కింద చెక్క వేసి ఎలాగో లేపాడు. "నాన్నా, నీ చుట్టం ఇంకా పలకరించలేదేం?" అంది ఆల్విన నవ్వులాటకి. ఎవరూ నవ్వలేదు.

గాలి లేదు... అలికిడి లేదు...

టంగ్.

టంగ్... టంగ్.

స్నేహితులిద్దరూ వ్యానులో దూరి తలుపేసుకున్నారు. గాట్లీబ్ గబగబా చక్రం బిగించి, ఎక్కండెక్కండి అని గుసగుసగా తొందరపెట్టాడు. ఎలియాసర్ వ్యాను వైపు ఒక అడుగు వేశాడు. కానీ మళ్లీ పారిపోతే ఇక బతికి లాభం లేదనిపించింది. నీళ్ల డబ్బా అందుకున్నాడు.

"మావయ్యా... ఇంజన్‌కి ఉన్న నీళ్లవే."

"ఉండనీ."

తొట్టి వెనక్కి టార్చి వేశాడు... ఒక నడివయసు మనిషి. పెదాలు చిట్లిపోయి, ఒళ్లంతా ఇసుక. ఊపిరి మాత్రం ఉంది.

ఎలియాసర్ అతని తల ఒళ్లో పెట్టుకుని చుక్కచుక్కగా నీళ్లు తాగించాడు. కళ్లమ్మట నీళ్లు ఆగలేదు ముసలాయనకి. కాసేపటికి ఆ మనిషి గొంతు పెగిలింది. కారు దిబ్బల అవతల ఇసుకలో కూరుకుపోతే రెండు రోజులు నడిచాడట.

"నువ్వు కొట్టిన చప్పుడు విన్నానయ్యా," అన్నాడు ఎలియాసర్. "ఈసారి విన్నాను."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నేను కాదు... నిన్నటినుంచి నాకు చెయ్యే లేవడం లేదు. తొట్టికి అటు పక్కన ఎవరో మనిషి ఉన్నాడు. నా కళ్లు మూతలు పడ్డప్పుడల్లా కొడుతున్నాడు..."

ఎలియాసర్ లేచి అటు వెళ్లాడు. ఎవరూ లేరు. ఇసుక మీద అడుగులు కూడా లేవు.

టార్చి కింద పెట్టాడు. తర్వాత డబ్బాలోంచి దోసెడు నీళ్లు తీసి, ఆ ఇసుకలో మెల్లగా వొంపాడు.

"పాతికేళ్లు ఆలస్యమైంది అన్నా... తాగు."