రాజనర్సు మాట్లాడిన నలభై నిమిషాలు

2008 జూన్. సోమవారం పొద్దున్నే నాంపల్లి స్టేషన్ ఎదుట ఉన్న డిటెక్టివ్ టిమోతి ఆఫీసుకు వచ్చిన డోరా, కుర్చీలో కూర్చోకుండానే ఏడ్చేసింది.

"పోయినయి సార్! రాజనర్సు చెప్పిన మాటలన్నీ పోయినయి. ఎల్లుండి కోర్టుల చూపియ్యాలె."

టిమోతి తొందరపెట్టలేదు. ఏడుస్తున్న మనిషిని ఆయన ఎన్నడూ ప్రశ్నించడు. నాలుగేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మనస్వినికి ఆయనలో అన్నిటికంటే నచ్చిన గుణం అదే. ఆమె మంచినీళ్ళు ఇచ్చాక డోరా నెమ్మదిగా చెప్పింది.

ఆబిడ్స్‌లో ఆమెకు వీడియో ఎడిటింగ్ స్టూడియో ఉంది. రెండు నెలల కింద ఒక రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి ఇద్దరు అక్కడికక్కడే చనిపోయారు. ఒళ్ళంతా కాలిన మరో పనివాడు రాజనర్సు దవాఖానలో నలభై నిమిషాలు కెమెరా ముందు మాట్లాడి, నాలుగో రోజు కన్నుమూశాడు. తప్పంతా పనివాళ్ళదేనని యజమాని తాతారావు వాదన. రాజనర్సు భార్య లక్ష్మీనర్సమ్మకు ఆ వీడియో ఒక్కటే ఆధారం.

"ఎవరు తీసిన్రమ్మా?"

"మా కెమెరామన్ విద్యాసాగర్. ప్రశ్నలు నేనడిగిన. నడుమల ఆయన కండ్లు తిరుగుతున్నయని బయటికి పోయిండు. కెమెరా స్టాండు మీద నడుస్తనే ఉండె."

ఆదివారం డోరా చర్చికి వెళ్ళింది. ఈరోజు వచ్చి చూస్తే హార్డ్‌డిస్కులో ఒరిజినల్ ఫైళ్ళు లేవు. స్టూడియో తాళంచెవులు ఆమె కాక విద్యాసాగర్ దగ్గర, ఎడిటర్ శ్రీపతి దగ్గర మాత్రమే ఉన్నాయి.

మధ్యాహ్నం స్టూడియోలో టిమోతి ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నించాడు. విద్యాసాగర్ తడుముకోకుండా చెప్పాడు.

"నిన్న పదింటికి వచ్చిన సార్. డిస్కుల ఒరిజినల్ పెట్టుకొని మొత్తం చూసిన. నలభై నిమిషాలు, ఎక్కడ ఆగకుండ నడిచింది. తాళమేసి పోయిన. నా తర్వాత శ్రీపతన్న వచ్చిండట."

"మరి కెమెరాల కార్డు?"

"అది తుడిచేసి ఒక పెండ్లికి వాడిన సార్. ఎప్పుడు గట్లనే చేస్తం."

శ్రీపతికి యాభై దాటాయి. మరిచిపోయిన కళ్ళద్దాల కోసం ఆదివారం పన్నెండింటికి వచ్చాననీ, కంప్యూటర్ ముట్టలేదనీ తడబడుతూ చెప్పాడు. తర్వాత తన బీరువా తెరిచి చిన్న డిస్కు ఒకటి తీశాడు.

"ఇందుల చిన్న కాపీలున్నయి సార్. ఈ కొత్త కెమెరా బొమ్మను బాగా కుక్కి దాస్తది. అది విప్పాలంటే మా పాత కంప్యూటర్‌తోని కాదు. అందుకే చిన్న కాపీలు చేసి, వాటి మీద కత్తిరించుకుంట. ఆఖరుకు ఆ కోతలన్నీ ఒరిజినల్‌కు కలుపుత. ఈ సంగతి డోరమ్మకు, నాకే ఎరుక."

"మరి ఈ కాపీ కోర్టుల ఇవ్వొద్దా?" అంది మనస్విని.

"అసలుది ఏదంటరు. మేమే కోసి అతికిచ్చినమంటరు, బిడ్డా."

టిమోతి తలుపు వేసుకుని కాపీ మొత్తం చూశాడు. పద్దెనిమిదో నిమిషంలో రాజనర్సు అన్నాడు: "ఆవిరి పోయే వాల్వును తీగతోని కట్టేసింది ప్రణయ్." ఆ క్షణాన, అంతవరకూ నిశ్చలంగా ఉన్న బొమ్మ ఒక్కసారి అదిరింది. రాజనర్సుకు దగ్గు వచ్చింది. డోరా నీళ్ళు తాగించింది. ఆయన మళ్ళీ మాట్లాడాడు.

టిమోతి ఆ చోటును మూడుసార్లు చూశాడు. ముఖం నల్లబడింది. "లక్ష్మీనర్సమ్మ దగ్గరికి పో మనస్వినీ. ఈ ప్రణయ్‌కు ఎవరెవరు ఉన్నరో కనుక్కో."

మంగళవారం పొద్దున అందరూ స్టూడియోలో చేరారు. లక్ష్మీనర్సమ్మ గోడవారగా కూర్చుంది. అదే కెమెరాతో తీసిన ఒక పెళ్ళి ఒరిజినల్‌ను పెట్టమన్నాడు టిమోతి. బొమ్మ కదిలింది, ఆగింది. మాట ఒకచోట, పెదవులు ఒకచోట. ఒక నిమిషం నడవడానికి మూడు నిమిషాలు పట్టింది.

"విద్యాసాగర్, మొన్న నలభై నిమిషాలు ఎక్కడా ఆగకుండ చూసిననన్నరు. ఈ కంప్యూటర్ మీద అది జరిగే పని కాదు. తీసుడే తప్ప ఈ కుర్చీల ఎన్నడు కూసోలేదు గనుక మీకు తెల్వదు. మీరు చూడలేదు, తుడిచేసిన్రు. తప్పు శ్రీపతి మీదికి పోవాలని, మీరు పోయేటప్పటికి ఫైళ్ళు ఉన్నట్టు చెప్పిన్రు."

టిమోతి అతని దగ్గరికి జరిగాడు.

"దవాఖానల ఒక పేరు వినంగనే స్టాండు మీదున్న మీ చెయ్యి అదిరింది. కండ్లు తిరగలేదు మీకు. ప్రణయ్ మీ సొంత తమ్ముడు."

మనస్విని తల దించుకుంది. ఆ సంగతి తెచ్చింది తనే.

"వానికి ఇరవై రెండేండ్లు సార్," అన్నాడు విద్యాసాగర్ గోడ పట్టుకుని. "ముగ్గురి పానాలు వాని మెడకు చుట్టుకుంటయి. నేనే తీసి, నేనే వాణ్ణి జైలుకు పంపుదునా?"

"మీరు బయటికి పోయినంక ఆయన ఏమన్నడో ఎన్నడన్న విన్నరా?"

టిమోతి కాపీని నడిపించాడు. నీళ్ళు తాగిన రాజనర్సు గొంతు గదిలో నిండింది: "పోరడు వద్దనే అన్నడు. తాతారావు సేటు పక్కన నిలబడి కట్టిపిచ్చిండు. కట్టకుంటే పని నుంచి తీసేస్తనన్నడు. వాని మీద పెట్టకుండ్రి."

విద్యాసాగర్ తెర దగ్గరికి వచ్చాడు. తమ్ముణ్ణి కాపాడగల మాటలను తన చేతులతో తానే చెరిపేశాడు. చొక్కా లోపలి జేబులోంచి గోరంత కార్డు తీశాడు.

"తుడవలేదు సార్. మూడు దినాల నుంచి ఇరగ్గొడదామనుకుంటున్న. చెయ్యి రాలేదు."

టిమోతి దాన్ని డోరా చేతిలో పెట్టాడు. "దీంతోని సగమే అయితది. మిగిలింది ప్రణయ్ వచ్చి తన నోటితోని చెప్పాలె."

"వాడు రాడు సార్. ఆమె మొఖం ఎట్ల చూస్తడు?"

లక్ష్మీనర్సమ్మ లేచింది. ఆమె కళ్ళలో దయ ఉందో కోపం ఉందో మనస్వినికి అంతుపట్టలేదు.

"తోలుకరా," అంది. "నా ఇంటాయన వద్దన్నడు గదా, నేను వాన్ని ఏమనను. గని వాడు చెప్పాలె."

బుధవారం నాంపల్లి కోర్టు వరండాలో ప్రణయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మీనర్సమ్మ బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చింది. అతను అంచున కూర్చున్నాడు; పేరు పిలవగానే లేచి లోపలికి నడిచాడు.