తొమ్మిది ఊపిర్ల పాట

మా శ్రీరాంపూర్ల ఎండకాలం మధ్యాహ్నం ఎట్లుంటదో మీకు ఎర్కనే. బొగ్గు లారీల దుమ్ముకు ఇండ్ల తలుపులు మూసుకుంటరు. మూడింటికి ఓపెన్ కాస్టు గనిల బ్లాస్టింగ్ అయితే చర్చి కిటికీలు గజగజమంటయి. గసొంటి టైంలనే చర్చి పాటల బృందమోళ్లం మేము ప్రాక్టీసు చేస్తం. షిఫ్టు దిగినోళ్లకు, ఎక్కేటోళ్లకు కుదిరేది గదొక్క గంటనే. గుడ్ ఫ్రైడేకు మీరు ఎందుకు పాడలేదని వాట్సాప్ గ్రూపుల అందరు అడుగుతున్నరు కద, ఇగ మొత్తం చెప్త. జర లంబా అయితది, ఏమనుకోకున్రి.

గీ ఏడు కొత్త పాట కావాలన్నది, పాటలు నేర్పే నేనే. చర్చి బీరువల ఒక పాత క్యాసెట్టు దొరికింది. మూడు వందల ఏండ్ల కింద జర్మనీల కట్టిన పాటని అట్ట మీద రాసుంది. ఆడోళ్ల గొంతులు రెండు తీర్లు, మొగోళ్లయి రెండు తీర్లు. ఏసయ్యను సమాధిల పండవెట్టి పాడే జోలపాట. భాష సమజ్ గాలే కని, వింటుంటే ఎవలో మన తల తొడ మీద పెట్టుకొని నిమిరినట్టుండె.

దాన్ని ఫోన్లకు ఎక్కించిన. మాకు నొటేషన్ రాదు, రికార్డు ఎట్ల పోతే మేమట్ల పోవుడే. ముందట పాడేటోళ్లు ఒక చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకుంటరు, మిగితోళ్లం వాళ్లను పట్టుకొని పాడుతం. గీసారి ముందట నిలవడ్డది మా చెల్లె నవీన. దానికి చిన్నప్పటి సంది దమ్ము బీమారి. పీల్చే పంపు లేంది గడప దాటది. గందుకే పదేండ్ల సంది వెనుక లైన్లనే నిలవెట్టిన. ఈ ఒక్కసారన్న నన్ను ముందట పాడనియ్యని బతిమాలింది. సరే అన్న.

మొదటిరోజు నోటుబుక్కుల అన్ని రాసుకున్న. శ్రుతి డి మైనర్. లయ నిమిషానికి అరవై నాలుగు దెబ్బలు. నిడివి ఆరు నిమిషాల నలభై సెకండ్లు. అందరు కలిసి ఊపిరి తీసుకునే జాగలు తొమ్మిది.

నాలుగోరోజు కీబోర్డు కలవలే. రికార్డు అర మెట్టు కిందికి దిగింది. క్యాసెట్టయితే బెల్టు లూజయిందనుకుందుము. ఫోన్ల ఏం లూజయితది? అయినా నేను రికార్డును అనుమానపడలే. కీబోర్డు మీద బటన్ నొక్కి మా శ్రుతినే అర మెట్టు దించిన. తెల్లారి ఇంకో అర మెట్టు. లయ సుత సాగుకుంట పోయింది. అరవై నాలుగు యాభై ఆరాయె, మల్ల యాభై ఆయె. పాట మెల్లగయితే నిడివి పెరగాలె కద. పెరగలే. గదే ఆరు నిమిషాల నలభై సెకండ్లు.

కిటుకు దొరకవట్టింది ముత్యం మామ. బొగ్గు బాయిల ముప్పై ఏండ్లు జేసి రిటైరయిండు, మా అందరికంటె కింది గొంతు ఆయనదే. లోపట దీపం ఆరిపోతే పక్కనోళ్ల ఊపిరి వినుకుంటనే నడిచేటోడట. ప్రాక్టీసు అయినంక నన్ను పక్కకు పిలిచిండు.

"అల్లుడా, గీ రికార్డుల పాడేటోళ్లు ఊపిరి తీసుకుంటలేరురా."

మల్ల పెట్టుకొని విన్న. నిజమే. తొమ్మిది జాగలల్ల నాలుగే మిగిలినయి. సాగిన పాట గా ఖాళీలను మింగుకుంట పోతుంది.

నవీన సుత అన్నది, నడుమల ఊపిరి అందుతలేదని. నేనేమన్ననో తెలుసా? వాళ్లు పాడంగ నీకేమైంది, మల్ల వెనుక లైన్లకు పోతవా అన్న. అది మల్ల ఇయర్‌ఫోన్ చెవుల పెట్టుకుంది.

గుడ్ ఫ్రైడే ముందటి బేస్తారం నాడు ఆఖరి ప్రాక్టీసు. తలుపులు మూసి ఉన్నయి. కాలిన మైనం వాసన, దాని కింద ఇంకేదో తడిమట్టి వాసన... ఎండకాలంల తడి యాడికెల్లి వచ్చిందో. పాట మొదలువెట్టినం. మూడింటికి బ్లాస్టింగ్ అయింది, కిటికీలు ఊగినయి, కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, కీబోర్డు ఆగింది. నవీన చెవుల ఫోన్ పాట నడుస్తనే ఉంది. చెల్లె పాడుతనే ఉంది.

దాన్ని పట్టుకొని మేము సుత పాడినం. జరసేపటికి ఒకలెనుక ఒకలం దమ్ము చాలక ఆగిపోయినం. ముత్యం మామ సుత ఆగిండు.

అది ఆగలే.

ఒక లైను... రెండు... మూడు...

భుజాలు కదులుతలేవు. పెదవులు నల్లవడ్డయి. కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి.

"సాలు, నవీనా," అన్న మెల్లగ.

తల అడ్డం ఊపింది.

ఉరికిపోయి ఇయర్‌ఫోన్ గుంజేసిన. నవీన నోరు మూసుకుంది.

పాట ఆగలే.

నాలుగు తీర్ల గొంతులు... శానా కిందికి... నవీన ఛాతిలకెల్లి.

తర్వాత నా చేతులల్ల కూలవడ్డది.

మంచిర్యాల దవాఖానకు తీస్కపోయినం. తొవ్వలనే కండ్లు తెరిచింది. మంచిగనే ఉన్న అన్నా, చాయ్ తాపియ్యి అన్నది. వేలికి మిషన్ పెట్టిచూసి ఆక్సిజన్ బాగనే ఉందన్నరు. నాకు పానం మల్లొచ్చినట్టయింది.

ఇగ డాక్టరమ్మ స్టెతస్కోపు వీపు మీద పెట్టింది. తీసి ఇంకో జాగల పెట్టింది. నర్సుతోని ఫ్యాను బందు వెట్టించింది. మల్ల విన్నది. నా దిక్కు చూసి, గొట్టాలు తీసి నా చెవులకు పెట్టింది.

లోపట ఒక్కటే ఊపిరి కాదు. మస్తు ఉన్నయి. ఆడోళ్లయి, మొగోళ్లయి... అందరు కలిసి లోపటికి గుంజుకుంటున్నరు. గుంజుకునుడే ఉంది... ఇడుసుడు లేదు.

"మీకు ఎంతమంది వినవడుతున్నరు?" డాక్టరమ్మ గుసగుసగ అడిగింది.

కండ్లు మూసుకొని లెక్కవెట్టిన. పద్నాలుగు దాక వచ్చిన.

గప్పుడే లోపట అందరు ఒక్కసారి ఊపిరి బిగవట్టిన్రు...

మేము వింటున్నమని తెల్సినట్టు.