డెబ్భై మార్కుల తేడా

ఆ శనివారం పొద్దున యూచిన్ చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. బోస్టన్‌ని ఆనుకుని ఉన్న క్విన్సీలో, రైలు స్టేషన్‌కి ఎదురుగా ఆమెకి చైనా ఆవిరి బన్నుల కొట్టుంది. కొట్టు పైనే ఇల్లు. తొమ్మిదింటి రద్దీ మొదలయ్యేలోగా మూడు వాయిలు దిగాలి. భర్త బోలిన్ వెనక గదిలో కైమా కొడుతున్నాడు. కూతురు ఐరిస్ అద్దం తలుపు తుడుస్తోంది. చెల్లెలి కూతురు నవోమి కాగితం సంచులు విప్పి పేరుస్తోంది.

పైకి అంతా రోజూలాగే ఉంది. కానీ రెండు వారాలుగా ఆ ఇంట్లో ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూడటం లేదు. పిల్లలిద్దరికీ పదిహేడేళ్లు. ఒకే బడి, ఒకే తరగతి, మేడ మీద ఒకే బల్ల. ఇద్దరూ ఒకే పెద్ద యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టారు. ఆ ఫారంలో జాతి రాసే గడి ఒకటుంటుంది, అక్కడ నల్లజాతి అని ఉంటే సీటుకి కలిసొస్తుందని అందరూ అనే మాట. నవోమికి సీటు వచ్చింది. ఐరిస్‌కి రాలేదు.

నవోమి తల్లి షూలాన్, యూచిన్‌కి ఒక్కగానొక్క చెల్లెలు. తండ్రి డెస్మండ్ నల్లజాతివాడు, సిటీ బస్సు నడిపేవాడు. పిల్లకి ఆరేళ్లప్పుడు ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోయారు. పిల్లని తెచ్చుకున్న మొదటి వారం ఆ రింగుల జుట్టు దువ్వడం చేతకాక యూచిన్ ఏడ్చింది. తర్వాత నాలుగు నెలలు ప్రతి ఆదివారం డోర్చెస్టర్‌లో ఒక నల్లామె పార్లర్‌కి వెళ్లి, పక్కన నిలబడి జడలల్లడం నేర్చుకుంది. అంత చేసిన మనిషే ఇప్పుడు ఆ పిల్ల ఎదురుపడితే చూపు తిప్పుకుంటోంది.

గోడ పక్కన ఫోను మోగింది.

"నవోమీ, అదేదో చూడవే. నా చేతులకి పిండుంది. స్పీకర్లో పెట్టు" అంది యూచిన్.

నవోమి మీట నొక్కింది. అవతలి గొంతు చైనీసులో గలగలా మాట్లాడేసింది. "యూచిన్ గారూ, తల్లిదండ్రుల సంఘం నుంచి షియేని. మీరు పంపిన మార్కుల పట్టీలు రెండూ అందాయమ్మా! ప్రవేశ పరీక్షలో మీ అమ్మాయికి పదహారు వందలకి పదిహేను వందల యాభై, ఆ నల్లపిల్లకి పధ్నాలుగు వందల ఎనభై. ఒకే ఇల్లు, ఒకే బడి. యూనివర్సిటీ మీద మనం వేసే కేసుకి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టుకి కావాలి? పిల్ల పేరు బయటికి రానివ్వం, ఆ పూచీ నాది."

కైమా చప్పుడు ఆగిపోయింది. యూచిన్ పిండి చేతులతోనే ఫోను వైపు రెండడుగులు వేసింది. నవోమి చెయ్యెత్తి ఆపింది.

"నేనే ఆ నల్లపిల్లని" అంది నవోమి, వాళ్ల అమ్మ నేర్పిన చైనీసులో. "ఇంకేమైనా కాగితాలు కావాలా అంకుల్? బర్త్ సర్టిఫికెట్టు కూడా పెద్దమ్మ బీరువాలోనే ఉంది."

నవోమి ఫోను పెట్టేసింది.

"అది కాదే" అంది యూచిన్. "నువ్వు చెడ్డదానివని నేనెక్కడా చెప్పలేదు. ఉన్న మాట చెప్పాను. డెబ్భై మార్కులు తేడా ఉందా లేదా? ఐరిస్ రాత్రనక పగలనక చదివింది. దాని కష్టానికి విలువ లేదా? ఆ ఫారంలో జాతి గడి లేకపోతే..."

"లేకపోతే నాకు సీటు రాదు. అంతేగా? అనెయ్ పెద్దమ్మా, రెండు వారాలుగా నీ నోట్లో నానుతోందిగా."

యూచిన్ తల వంచుకుని వేళ్లకంటిన పిండి గీరుకుంది.

"సరే, నేనొకటి అడుగుతాను, జవాబు చెప్పు" అంది నవోమి. "పోయినేడు ఆ పరీక్షకి కోచింగ్‌లో ఐరిస్‌ని చేర్చావు. నేనూ వస్తానంటే ఏమన్నావు?"

"ఏమన్నాను? గుర్తులేదు."

"నాకుంది. 'నీకెందుకే కోచింగ్, నీ గడి నీకుందిగా' అన్నావు. అని నవ్వావు. నేనూ నవ్వాను. ఎనిమిది నెలలు శని, ఆదివారాలు తను క్లాసుకి వెళ్లింది, నేను ఇక్కడ బన్నులు అమ్మాను. ఇప్పుడు ఆ మార్కులే పట్టుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టావు."

ఎవరో చెంప మీద కొట్టినట్టు యూచిన్ తల వెనక్కి పోయింది. బోలిన్ గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు.

"నీకు తెలుసా?" అని అతన్ని అడిగింది నవోమి. "పెదనాన్నా, నీకు కూడా తెలుసా?"

"కవరు పోస్టు చేసింది నేనే" అన్నాడతను నెమ్మదిగా. "వద్దనాల్సింది. అనలేదు."

అప్పుడు తలుపు దగ్గర్నుంచి ఐరిస్ వచ్చింది. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది.

"నన్ను అడిగావా అమ్మా? నా పేరుతో కేసు పెడుతూ నన్నొక్క మాట అడిగావా?"

"నీ కోసమేగా!"

"నా కోసమైతే నాకు చెప్పేదానివి. నాకు మండట్లేదనుకుంటున్నావా? మండుతోంది. యూనివర్సిటీ వాళ్లు నన్ను చూసి, 'వయొలిన్ వాయించే ఇంకో చైనా పిల్ల, అంతేగా' అని పక్కన పడేశారేమోనని తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు. అది అన్యాయమే. కొట్లాడాలంటే నేనే కొట్లాడతాను, నా కాగితాలతో. నవోమిని రాయి చేసి విసరడానికి నువ్వెవరు?"

నవోమి ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టింది. "ఆ సీటు వద్దని రాసేస్తాను. అప్పుడు తూకం సరిపోతుందిగా." మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. తలుపు గడియ పడిన చప్పుడు కింద దాకా వినిపించింది.

పదకొండింటికి యూచిన్ కొట్టు బోలిన్‌కి అప్పగించి బస్సెక్కింది. సంఘం ఆఫీసు ఒక హోటలు వెనక మేడ మీద ఇరుకు గది. షియే ఆమెని చూడగానే లేచి కుర్చీ చూపించాడు.

"ఇలా జరుగుతుందనుకోలేదమ్మా. ఆ అమ్మాయికి చైనీసు వచ్చని నాకేం తెలుసు?"

"రాకపోతే అనొచ్చా?" అంది యూచిన్. అన్నాక ఆ ప్రశ్న తనకే తగిలింది. "దాని కాగితం వెనక్కివ్వండి."

"తొందరపడకండి. మనవాళ్ల పిల్లలు ఎంతమంది ఏడుస్తున్నారో మీకు తెలుసు. మీ అమ్మాయికి జరిగింది అబద్ధమా?"

"అబద్ధం కాదు. ఐరిస్ కాగితం సంగతి ఐరిస్‌నే అడగండి, ఉంచమంటే ఉంచండి. రెండోది మాత్రం నాది కాదు, ఇచ్చే హక్కు నాకు లేదు."

అతను నిట్టూర్చి ఒక పత్రం ముందుకి తోశాడు. "ఉపసంహరణకి కారణం రాయాలి."

యూచిన్ కలం తీసుకుంది. ఇలా రాసింది: 'ఇద్దరు పిల్లల్లో ఒకరికే కోచింగ్ ఇప్పించాను. రెండో పిల్లని కొట్లో నిలబెట్టాను. ఈ తేడా నేను చేసింది.' షియే అది చదివి, మార్కుల పట్టీ తీసి ఇచ్చాడు.

సాయంత్రం కొట్టు కట్టేశాక యూచిన్ నూడుల్సు వండి గిన్నెలో పోసి, పైకి తీసుకెళ్లి తలుపు తట్టింది. నవోమి తలుపు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమె వెనకాల ఐరిస్ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

"పొద్దుట్నుంచి ఏం తినలేదు, తిను" అంది యూచిన్.

"ఎప్పుడూ ఇంతే పెద్దమ్మా. తిట్టినా గిన్నె, కొట్టినా గిన్నె. ఇవాళ తిండితో సరిపెట్టకు. నోటితో చెప్పు."

యూచిన్ గిన్నె కింద పెట్టింది. ఆ మాట ఆమె జీవితంలో ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా.

"తప్పు చేశాను" అంది. "ఆ సీటు ఐరిస్‌దే, నువ్వు దారిలో ఎత్తుకుపోయావు అనుకున్నాను. పదకొండేళ్లు పెంచాను, అయినా మనసులో ఎక్కడో మా పిల్ల వేరు, నువ్వు వేరు. ఇవాళ దాకా నాకే తెలియలేదు. నీకు తెలుసు, కదూ?"

"అప్పుడప్పుడు" అంది నవోమి. ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది. ఐరిస్ లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

కాసేపటికి నవోమి ముక్కు తుడుచుకుంది. "మొత్తంగా పోలేదు పెద్దమ్మా, కోపం. కొన్నాళ్లుంటుంది."

"ఉండనీ. ఉండాలి కూడా. ఆ సీటు మాత్రం వదులుకోకు తల్లీ. నా మీద కోపానికి నీ బతుకు పాడుచేసుకోకు."

"వదలదు" అంది ఐరిస్. "నేను వదలనివ్వను. నేను స్టేటు యూనివర్సిటీలో చేరుతున్నాను, నా గొడవ నేను చూసుకుంటాను. నవోమి సీటు ఖాయం చేసుకోడానికి ఇంకా వారమే గడువుంది. నీ సంతకం కావాలి."

ఆమె బల్ల మీది కాగితం తెచ్చి తల్లి ముందు పెట్టింది. సంరక్షకురాలి పేరు దగ్గర యూచిన్ సంతకం చేసింది. దాని కింద 'విద్యార్థికి ఏమవుతారు' అని ఉంది. కలం అక్కడ ఆగింది. ఆమె నవోమి వైపు చూసి, 'తల్లి' అని రాయబోయింది.

"వద్దు" అంది నవోమి మెల్లగా. "నాకు అమ్మ ఉంది. పోయినా ఉంది. పెద్దమ్మ అని రాయి. నాకున్న పెద్దమ్మవి నువ్వొక్కదానివే."

యూచిన్ రాసింది. అక్షరాలు వంకరపోయాయి, కన్నీళ్లలో తనకే సరిగ్గా కనిపించలేదు. నవోమి కాగితం తీసుకుని సిరా అలుక్కుపోకుండా గాలికి ఆరబెట్టింది. తర్వాత నేల మీద కూర్చుని, చల్లారిపోయిన నూడుల్సు గిన్నె దగ్గరికి లాక్కుంది.